యతీము అనాథ కాదు: హోముల్లోని మన పిల్లలను ఇంటికి చేర్చడం గురించి ఒక పాఠం

అల్లాహ్ పేరుతో ప్రారంభిస్తున్నాం. 

ఈ వార్షిక సంచికలో ఏటా ఒక పాఠం రాసుకోవడం మనకు ఆనవాయితీ. ఈ ఏటి పాఠానికి కారణం మీలో కొందరు మా ముందు పెట్టిన ఒక కోరిక. మాడుగులలో మనమే ఒక యతీమ్‌ఖానా కట్టుకుందామని, ముప్పై మంచాలు వేద్దామని, అందుకు కావలసిన సొమ్ములో పెద్ద భాగం తామే ఇస్తామని కొందరు దాతలు అన్నారు. అల్లాహ్ వారి నియ్యత్‌ను స్వీకరించుగాక. అయితే, జవాబు చెప్పే ముందు మేము ఒక పని చేశాం. మాడుగుల, వడ్డాది, చోడవరం చుట్టుపక్కల మన కుటుంబాల పిల్లలు ఎవరెవరు ఏయే హోముల్లో ఉన్నారో ఇంటింటికీ వెళ్లి అడిగాం. అలా అడిగిన ప్రతి ఇంట్లోనూ మాతో మాట్లాడింది ఎవరో తెలుసా? ఆ బిడ్డ తల్లో, నానీయో, చాచాయో. అంటే ఆ పిల్లలకు మనుషులు ఉన్నారు. లేనిది ఆసరా మాత్రమే.

ఈ ఒక్క సంగతి మా ఆలోచనను మార్చింది. అదే మీ ముందు పెడుతున్నాం.

మాటలోనే ఉన్న పొరపాటు

మనం తెలుగులో రాసేటప్పుడు యతీము అన్న మాటకు అనాథ అని రాస్తాం. ఆ రెండు మాటలూ ఒకటి కావు. అనాథ అంటే నాథుడు లేనివాడు, దిక్కులేనివాడు. షరీఅత్‌లో యతీము అంటే యుక్తవయసు రాకముందే తండ్రిని పోగొట్టుకున్న బిడ్డ. తల్లి బతికే ఉండవచ్చు. తాత, నానమ్మ, మేనమామ ఉండవచ్చు. దివ్య ఖురాన్‌లో యతీముల ఆస్తి గురించి, వారితో కలిసి బతకడం గురించి చెప్పిన ఆదేశాలన్నీ ఇంట్లో, బంధువుల నడుమ పెరుగుతున్న బిడ్డను దృష్టిలో పెట్టుకుని చెప్పినవే. రెండో సూరాలో యతీములను మీతో కలుపుకుంటే వారు మీ సోదరులేనన్న భావం ఉంది. కలుపుకోవడం అంటే ఒకే పొయ్యి, ఒకే పళ్లెం.

యతీమును అనాథ అని పిలిచిన రోజునే మనం ఆ బిడ్డ తల్లిని లెక్కలోంచి తీసేశాం. ఆమె చేతిలో పెట్టవలసిన సాయాన్ని దూరపు పట్నంలో గోడలకు పెట్టాం. ఇది ఎవరినో నిందించడానికి కాదు. మా సొసైటీ కూడా చాలా ఏళ్లు అదే చేసింది.

మూడు గాథలు, మూడు పాఠాలు

మనకందరికీ తెలిసిన గాథలనే ఈ కోణంలో ఒకసారి చూద్దాం.

మొదటిది మూసా (అలైహిస్సలాం) గాథ. ఫిరౌన్ భయానికి తల్లి బిడ్డను పెట్టెలో పెట్టి నదిలో వదిలింది. అక్క దూరం నుంచి కనిపెట్టుకుంటూ వెంట నడిచింది. రాజభవనంలో ఏ దాది పాలూ తాగని బిడ్డను చివరికి కన్నతల్లి ఒడికే చేర్చాడు అల్లాహ్. ఆమె కళ్లు చల్లబడడానికి, ఆమె దుఃఖం తీరడానికి అలా చేశానని ఖురాన్‌లో తెలియజేశాడు. సొంత బిడ్డకు పాలిచ్చినందుకు ఆమెకు ప్రతిఫలం కూడా ముట్టిందని ముఫస్సిర్లు వివరిస్తారు. ఇందులో మనకు రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి, బిడ్డ ఎక్కడికి వెళ్లాడో ఇంటివారు ఎవరో ఒకరు కనిపెట్టి ఉండాలి. రెండు, బిడ్డను తల్లికి ఇచ్చినప్పుడు పోషణకు దారి కూడా చూపాలి. ఒట్టి చేతుల్లో బిడ్డను పెట్టి రావడం సగం పనే.

రెండోది జైద్ బిన్ హారిసా (రజి) గాథ. చిన్నతనంలో దోపిడీదారులు ఎత్తుకుపోయి సంతలో అమ్మేశారు. చివరికి ఆయన మన ప్రవక్త (స) ఇంటికి చేరారు. తండ్రి హారిసా వెతుక్కుంటూ వచ్చినప్పుడు ప్రవక్త (స) జైద్‌నే అడిగారు, ఎవరి దగ్గర ఉంటావని. జైద్ ప్రవక్త (స) దగ్గరే ఉంటానన్నారు. ఆ మాటను తండ్రి కూడా ఒప్పుకున్నాడు. తర్వాత పెంపుడు పిల్లలను వారి కన్నతండ్రుల పేరుతోనే పిలవాలన్న ఆదేశం దిగింది, జైద్ మళ్లీ హారిసా కుమారుడిగానే పిలవబడ్డారు. పిల్లవాడి మాట వినాలి. వాడు ఎక్కడ పెరిగినా వాడి పేరూ వంశమూ వాడివే.

మూడోది స్వయంగా మన ప్రవక్త (స) జీవితం. పుట్టకముందే తండ్రి పోయారు. ఆరేళ్ల వయసులో తల్లి ఆమినా పోయారు. తాత అబ్దుల్ ముత్తలిబ్ తీసుకున్నారు. ఎనిమిదో ఏట ఆయనా పోతే తండ్రి సోదరుడు అబూ తాలిబ్ తీసుకున్నారు. అబూ తాలిబ్ కలిగినవారు కాదు, సొంత పిల్లలు చాలామంది. అయినా తన పిల్లలతో పాటు పెంచారు. లోకానికి కారుణ్యంగా వచ్చిన ఆ యతీము ఇల్లు మారుతూ పెరిగారు గానీ, ఇల్లు లేకుండా పెరగలేదు.

2020లో జరిగినది

ఇక మన కాలానికి వద్దాం. కరోనా మొదలైనప్పుడు దేశంలోని బాలల సంరక్షణ సంస్థల్లో 2,27,518 మంది పిల్లలు ఉన్నారని సుప్రీంకోర్టు ముందు లెక్క చెప్పారు. వారిలో 1,45,788 మందిని కొద్ది నెలల్లోనే కుటుంబాలకో సంరక్షకులకో అప్పగించారు. ఈ అంకెలను నెమ్మదిగా చదవండి. నూటికి అరవై మందికి పైగా పిల్లలకు పంపడానికి ఒక ఇల్లు, తలుపు తీయడానికి ఒక మనిషి ఉన్నారన్నమాట.

అదే ఏడాది సెప్టెంబరులో జాతీయ బాలల హక్కుల కమిషన్ ఎనిమిది రాష్ట్రాలకు లేఖలు రాసింది. సంస్థల్లోని పిల్లల్లో 70 శాతానికి పైగా ఆ ఎనిమిది రాష్ట్రాల్లోనే ఉన్నారని, వారిని కుటుంబాలకు చేర్చాలని కోరింది. ఆ ఎనిమిదిలో మన ఆంధ్రప్రదేశ్ ఉంది, పక్కనున్న తెలంగాణ ఉంది. ఒక్కొక్క బిడ్డ పరిస్థితీ విడిగా చూడకుండా గుంపుగా పంపితే ప్రమాదమని పిల్లల కోసం పనిచేసేవారు అప్పుడే హెచ్చరించారు. 2020 డిసెంబరు 15న సుప్రీంకోర్టు మరొక ఉత్తర్వు ఇచ్చింది. ఇంటికి చేరిన బిడ్డ చదువు కోసం, కుటుంబ స్థితిని బట్టి జిల్లా బాలల పరిరక్షణ విభాగం సిఫారసు మీద, నెలకు 2,000 రూపాయలు ఇవ్వాలని ఆదేశించింది.

ఆ గుంపులో మనకు దగ్గరి పిల్లవాడు ఒకడు ఉన్నాడు. పేరు, ఊరు చెప్పం. తండ్రి లారీ మీద పనిచేస్తూ చనిపోయాడు. తల్లి కుట్టుపని చేసి నానీతో కలిసి ఉంటుంది. తొమ్మిదేళ్ల ఆ బిడ్డ అప్పటికి మూడేళ్లుగా పట్నంలో ఒక హోములో ఉన్నాడు. లాక్‌డౌన్‌లో, రంజాన్ నెలలో ఇంటికి వచ్చాడు. మేము వెళ్లి బియ్యం, నూనె, సేమియా ఇచ్చాం, ఫోటో తీసుకున్నాం, దుఆ చేసి వచ్చాం.

తర్వాత ఏమైంది? బియ్యం కార్డులో పిల్లవాడి పేరు లేదు, వాడు ఇంట్లో లేడు కదా. టీసీ పట్నం బడిలో ఉంది. పెళ్లిళ్లు ఆగిపోయి తల్లికి కుట్టుపని లేదు. ఇచ్చిన సరుకులు నెల తిరగకుండానే అయిపోయాయి. నెలకు రెండు వేల సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన మాకే తెలియదు. బడులు తెరిచాక ఆమే బిడ్డను బస్సెక్కించి మళ్లీ హోములో దింపి వచ్చింది. అక్కడైతే మూడు పూటలా తింటాడు కదా అన్నది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. ఆ తప్పు ఆ తల్లిది కాదు, హోముది కాదు, మాది.

ఇల్లే ఎందుకు?

హోములో అన్నం, బట్ట, చదువు దొరుకుతాయి. మంచి హోముల్లో ప్రేమగా చూసేవారూ ఉంటారు. అయినా ఇల్లు ఎందుకు మేలు? రుమేనియా దేశంలో ఇది శాస్త్రీయంగా తేలింది. అక్కడ నియంత పాలన ముగిశాక వేలాది పిల్లలు పెద్ద పెద్ద ఆశ్రమాల్లో కనిపించారు. 2000 సంవత్సరంలో బుఖారెస్ట్ నగరంలో పరిశోధకులు 136 మంది పసిపిల్లలతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. చీటీలు వేసినట్టుగా కొందరిని పెంపుడు కుటుంబాలకు పంపారు, కొందరు ఆశ్రమాల్లోనే ఉన్నారు. ఇళ్లకు వెళ్లిన పిల్లల బుద్ధి వికాసం మెరుగ్గా ఉందని 2007లో ప్రకటించారు. ఎంత చిన్న వయసులో, ముఖ్యంగా రెండేళ్లలోపు వెళితే అంత మేలు జరిగింది. అన్నం రెండు చోట్లా ఉంది. తేడా ఏమిటంటే, ఆ బిడ్డ ఏడిస్తే ప్రతిసారీ అదే మనిషి రావడం.

మన చట్టమూ ఇదే మాట అంటుంది. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లోని 3వ సెక్షన్ ప్రకారం బిడ్డ బాధ్యత ముందుగా కుటుంబానిది. సంస్థలో ఉంచడం అన్నది మిగతా దారులన్నీ చూశాక చివరి దారి. బిడ్డను వీలైనంత త్వరగా కుటుంబంతో కలపడం ఆ చట్టం ఇచ్చిన హక్కు. ఐక్యరాజ్యసమితి 1989 బాలల హక్కుల ఒడంబడికలోని 20వ అధికరణం కుటుంబం కోల్పోయిన బిడ్డకు ప్రత్యామ్నాయ పెంపకాన్ని చెబుతూ ఇస్లామీయ కఫాలా పేరును కూడా చేర్చింది. భారతదేశం 1992లో ఆ ఒడంబడికను ఆమోదించింది. మన ధర్మంలో ఉన్న దానినే లోకం గుర్తించింది.

చేర్చే పనిలో మెట్లు

మేము నేర్చుకున్న క్రమం ఇది. తొందరపడితే బిడ్డే నష్టపోతాడు.

1. ముందు వివరం తెలుసుకోవాలి. బిడ్డ ఏ హోములో ఉన్నాడు, ఎవరు చేర్చారు, ఆ హోముకు చట్టంలోని 41వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ ఉందా? రిజిస్ట్రేషన్ లేకుండా పిల్లలను ఉంచడం నేరం. అది యతీమ్‌ఖానా అయినా, మరే ధర్మసంస్థ నడిపేదైనా ఒకటే.

2. మనంతట మనం వెళ్లి బిడ్డను తీసుకురాకూడదు. సీడబ్ల్యూసీ అని పిలిచే బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు ఉండాలి. అందులో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. 2022 ఏప్రిల్ 4 నుంచి మాడుగుల విశాఖ జిల్లాలోంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది కాబట్టి ఇంటి విచారణకు, సాయానికి మనం అనకాపల్లి జిల్లా అధికారులను కలవాలి. బిడ్డ వేరే జిల్లాలో ఉంటే రెండు జిల్లాల మధ్య కాగితాలు నడవాలి.

3. ఇల్లు చూడాలి. పడుకునే చోటు, తాగే నీరు, ఇంట్లో మద్యం గొడవలు, ఆడపిల్ల అయితే భద్రత, తొందరపెళ్లి ఆలోచనలు, మగపిల్లవాడైతే పనిలో పెట్టే ఆలోచన. ఇవన్నీ సాంఘిక విచారణ నివేదికలో రావాలి.

4. బిడ్డను అడగాలి. హోములో ఐదేళ్లు ఉన్న బిడ్డకు అక్కడ స్నేహితులుంటారు, ఇష్టమైన టీచర్ ఉంటారు. ఇల్లు అంటే భయం కూడా ఉండవచ్చు. వారానికి ఒక ఫోను, నెలకు ఒక రాక, రెండు పండుగ సెలవులు. ఇలా అలవాటు చేశాకే పూర్తిగా పంపాలి.

5. బడి చూడాలి. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం టీసీ ఆలస్యమైందని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. బిడ్డ వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. వీలైతే వేసవి సెలవుల్లో ఇంటికి తెచ్చి, జూన్‌లో బడిలో చేర్చడం మేలు.

6. కాగితాలు కట్టాలి. ఆధార్, జనన ధ్రువపత్రం, తండ్రి మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, బియ్యం కార్డులో పేరు, బ్యాంకు ఖాతా. సచివాలయం చుట్టూ తిరగడానికి కూలి మానుకోలేని తల్లికి మన కుర్రాళ్లు తోడు వెళ్లాలి.

7. వెళ్లాక కూడా వెళుతుండాలి. మొదటి నెల వారానికోసారి, తర్వాత నెలకోసారి.

పైన చెప్పిన పిల్లవాడు 2023 వేసవిలో ఈ మెట్ల మీదుగానే ఇంటికి వచ్చాడు. మొదట్లో అన్నం వేళకు పళ్లెం పట్టుకుని గోడవారగా వరుసలో నిలబడ్డట్టు నిలబడేవాడట. రొట్టె ముక్క దిండు కింద దాచుకునేవాడట. వీధి పిల్లలు వాడి మాట యాసను ఎగతాళి చేశారు. తల్లి భయపడి మాకు కబురు పెట్టింది. ఇమామ్ సాబ్ వాడిని మగ్రిబ్ తర్వాత తన దగ్గర కూర్చోబెట్టుకున్నారు, పక్కింటి హిందూ కుటుంబం వారి అబ్బాయి వాడిని క్రికెట్‌కు తీసుకెళ్లాడు. దిండు కింద రొట్టె దాచడం ఆగడానికి నాలుగు నెలలు పట్టింది. బిడ్డను ఇంటికి మాత్రమే కాదు, వీధికీ మసీదుకీ బడికీ కూడా చేర్చాలని అప్పుడు అర్థమైంది.

డబ్బు ఎక్కడుంది?

చాలామంది తల్లులకు తెలియని సంగతి ఇది. కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య పథకం కింద అర్హులైన బిడ్డకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. తండ్రి చనిపోయి తల్లి దగ్గర ఉన్న పిల్లలు, తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర ఉన్న పిల్లలు, తల్లిదండ్రులు ప్రాణాంతక జబ్బుతో ఉన్న పిల్లలు ఇందుకు అర్హులు. కుటుంబ ఆదాయం గ్రామాల్లో ఏడాదికి 72,000, ఇతర చోట్ల 96,000 రూపాయలు మించకూడదు. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ భరోసా వితంతు పింఛను నెలకు 4,000. తల్లికి వందనం కింద బడికి వెళ్లే బిడ్డకు ఏడాదికి 15,000, అందులో 2,000 బడి నిర్వహణకు పోతుంది. అర్హత ఉండి ఇవన్నీ అందితే బిడ్డను దూరం పంపవలసిన అవసరం చాలా ఇళ్లలో రాదు. అడ్డంకి ఒక్కటే. దరఖాస్తు పెట్టిన రోజుకూ, సొమ్ము పడే రోజుకూ మధ్య నెలలు గడుస్తాయి. తల్లి ఓడిపోయేది ఆ నెలల్లోనే. 2020లో మేము వదిలేసినది ఆ నెలలనే.

ఇంటికి పంపకూడని బిడ్డ

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ప్రతి బిడ్డనూ ఇంటికి పంపాలని మేము అనడం లేదు. కొట్టే ఇంటికి, అసభ్యంగా ప్రవర్తించే మనిషి ఉన్న ఇంటికి, బాల్యవివాహం సిద్ధం చేసి పెట్టిన ఇంటికి బిడ్డను పంపడం పుణ్యం కాదు, పాపం. నిజంగా ఎవరూ లేని బిడ్డకు ముందు బంధువులను, తర్వాత పెంపుడు కుటుంబాన్ని చూడాలి. అదీ కుదరకపోతే మంచి హోము కావాలి. అలాంటి హోములను నడుపుతున్నవారికి మన సాయం ఆగదు. ఆ మంచం నిజంగా అవసరమైన బిడ్డకు దొరకాలంటే, ఇల్లున్న బిడ్డ ఇంట్లో ఉండాలి. ఎక్కడైనా బిడ్డ ఆపదలో కనిపిస్తే 1098కి ఫోను చేయండి.

దాతలకు మా మనవి

కాబట్టి ముప్పై మంచాల భవనానికి బదులు మేము మిమ్మల్ని అడుగుతున్నది ఇది.

ఒక బిడ్డ ఇంటికి వచ్చాక ప్రభుత్వ సాయం అందేవరకు ఆరు నెలలు నెలకు 4,000 చొప్పున ఆసరా. మొత్తం 24,000 రూపాయలు. ఒక దాత ఒక బిడ్డ ఆరు నెలలు తీసుకోవచ్చు, లేదా నలుగురు కలిసి నెలకు వెయ్యి చొప్పున పంచుకోవచ్చు. జకాత్ గురించి అడిగినవారికి ఒక మాట. హనఫీ ఫిఖ్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుల చేతికి సొంతంగా అందాలి, గోడలకూ కప్పుకూ వాడకూడదని ఉలమాలు చెబుతారు. పేద తల్లి చేతికి ఇచ్చే ఈ ఆసరాకు ఆ ఇబ్బంది లేదు. ఆమె అర్హత విషయం మాత్రం ఇమామ్ సాబ్‌తో తేల్చుకున్నాకే ఇస్తాం.

డబ్బు కాక సమయం ఇవ్వగలవారు ఒక కుటుంబానికి తోడుగా ఉండండి. సచివాలయానికి, బ్యాంకుకు, బడికి ఆ తల్లితో వెళ్లండి. కుట్టుమిషను ఉన్నవారు పని ఇప్పించండి.

చివరగా, ఈ సంచికలో పిల్లల ఫోటోలు ఎందుకు లేవని మీరు అడగవచ్చు. గతంలో వేసేవాళ్లం. సంరక్షణలో ఉన్న బిడ్డ పేరు, ఫోటో, గుర్తుపట్టే వివరం ప్రచురించడం చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం నేరం. చట్టం సంగతి పక్కనపెట్టినా, రేపు పెద్దవాడై ఈ వీధిలో దుకాణం పెట్టుకునే కుర్రాడు తన చేతిలో సరుకుల సంచి ఉన్న ఫోటోను చూడవలసి రాకూడదు. మీరిచ్చిన ప్రతి రూపాయి లెక్కా సొసైటీ పుస్తకాల్లో ఉంటుంది, ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు. బిడ్డ ముఖం మాత్రం అడగకండి.

యతీమును పోషించేవాడు స్వర్గంలో తనకు రెండు వేళ్లంత దగ్గరగా ఉంటాడని మన ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఆ దగ్గరితనం కోరుకునే మనం బిడ్డను అమ్మకు దూరం చేసి కాదు, దగ్గర చేసి సంపాదించుకుందాం. మూసా తల్లి కళ్లను చల్లబరిచిన అల్లాహ్ మన ఊళ్ల తల్లుల కళ్లను కూడా చల్లబరచుగాక. మీ సంపాదనలో బర్కత్ ఇచ్చుగాక. ఆమీన్.